గీతకు ఏ పక్క? - రేఖీయ అసమీకరణాలను నిరూపక తలంపై చిత్రించే విధానం

గణితమనగానే మనకు ముందుగా స్ఫురించేది సమానత్వ చిహ్నం. ఎడమ పక్కన ఉన్నది కుడి పక్కన ఉన్నదానితో సమానమని నిరూపించడమే గణితమని చాలామంది విద్యార్థులు భావిస్తారు. కాని నిత్యజీవితంలో మనం పాటించవలసిన నియమాలలో అధికభాగం సమానత్వాన్ని కోరవు. "ఇంతకు తగ్గరాదు", "ఇంతకు మించరాదు", "కనీసం ఇంత ఉండాలి" అని మాత్రమే అవి చెబుతాయి. వంతెనపై పోయే బండి బరువుకైనా, కాలువలో వదిలే నీటి పరిమాణానికైనా, ఇంటి నెలసరి ఖర్చుకైనా ఇదే వరస.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రాథమిక పాఠశాలలో చదివే ఒక్కొక్క బిడ్డకు మధ్యాహ్న భోజనం ద్వారా కనీసం 450 కాలరీల శక్తి, కనీసం 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని 2013లో ఆమోదం పొందిన జాతీయ ఆహార భద్రతా చట్టపు షెడ్యూలు నిర్దేశించింది. ఈ వాక్యానికి ప్రాణం "కనీసం" అన్న మాటలో ఉన్నది. ఆ మాటను గణిత భాషలోకి మార్చితే వచ్చేది సమీకరణం కాదు, అసమీకరణం. దానిని కాగితం మీద గీసి చూపితే, పళ్లెంలో వడ్డించినది చాలునో చాలదో కంటికి కనిపిస్తుంది. ఆ గీసే పద్ధతిని మొదటి నుంచి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చిహ్నాలు, వాటి పుట్టుక

సమానత్వాన్ని సూచించే జంట గీతలను 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ దేశీయుడు తన గ్రంథంలో ప్రవేశపెట్టాడు. అధికం, అల్పం అనే భావాలను సూచించే > , < చిహ్నాలు థామస్ హారియట్ అనే ఆంగ్ల గణితవేత్త గ్రంథంలో కనిపిస్తాయి. ఆ గ్రంథం 1631లో, ఆయన మరణించిన పదేళ్లకు, అచ్చయింది. మరి ఆరేళ్లకు, 1637లో, రెనే డెకార్ట్ తన జ్యామితి గ్రంథం ద్వారా బీజగణితాన్ని రేఖాగణితంతో ముడివేశాడు. ఒక జత సంఖ్యలను ఒక బిందువుగాను, ఒక సమీకరణాన్ని ఒక రేఖగాను చూడగల దృష్టి మనకు అప్పటి నుంచి అలవడింది.

చిహ్నం తెరచుకొని ఉన్న పక్క పెద్ద సంఖ్య, మొన తేలిన పక్క చిన్న సంఖ్య ఉంటాయి. చిహ్నం కింద అడ్డగీత చేరితే "లేదా సమానం" అని అర్థం. "కనీసం 12" అంటే ≥ 12. "100కు మించకుండా" అంటే ≤ 100. "12 కంటె ఎక్కువ" అంటే > 12. ఇందులో 12 చేరదు. ఈ చిన్న తేడా గీతను గీసే పద్ధతిలో కూడ కనిపిస్తుందని ముందు ముందు చూస్తాం.

గీత తలాన్ని రెండుగా చీల్చుతుంది

ఒక బాలిక వద్ద 100 రూపాయలున్నాయి. నోటు పుస్తకం వెల 20 రూపాయలు, కలం వెల 10 రూపాయలు. ఆమె కొనే నోటు పుస్తకాల సంఖ్యను న అని, కలాల సంఖ్యను క అని అనుకుందాం. ఖర్చు 100 రూపాయలకు మించరాదు. కనుక,

20న + 10క ≤ 100

ఇరువైపులా 10తో భాగిస్తే 2న + క ≤ 10 అవుతుంది.

ముందుగా అసమానత్వాన్ని కాసేపు మరచి 2న + క = 10 అనే సమీకరణాన్ని తీసుకుందాం. అడ్డంగా ఉన్న అక్షం మీద న విలువలను, నిలువుగా ఉన్న అక్షం మీద క విలువలను గుర్తించుదాం. న = 0 అయితే క = 10; క = 0 అయితే న = 5. ఈ రెండు బిందువులు (0, 10), (5, 0). వీటిని కలిపితే సరళరేఖ వస్తుంది. నిరూపకాలను క్రమయుగ్మంగా రాసేటప్పుడు మొదటి స్థానం అడ్డ అక్షానిదని, రెండవది నిలువు అక్షానిదని విద్యార్థులు మరువరాదు.

ఆ రేఖపై ఉన్న బిందువుల వద్ద బాలిక చేతిలోని డబ్బంతా ఖర్చవుతుంది. రేఖకు కింద, మూలబిందువు ఉన్న పక్కన ఎక్కడ బిందువును తీసుకున్నా కొంత డబ్బు మిగులుతుంది. రేఖకు పైన ఎక్కడ తీసుకున్నా డబ్బు చాలదు. అంటే ఒక్క రేఖ మొత్తం తలాన్ని రెండు అర్ధతలాలుగా విభజించింది. ఒకటి సాధ్యమైనది, రెండవది అసాధ్యమైనది. మధ్యనున్న రేఖ వాటికి సరిహద్దు.

పుస్తకాలను, కలాలను ముక్కలు చేసి కొనలేము. అందుచేత పూర్ణసంఖ్యల బిందువులను మాత్రమే లెక్కించుదాం. సమీకరణానికి (0, 10), (1, 8), (2, 6), (3, 4), (4, 2), (5, 0) అనే 6 సాధనలు మాత్రమే ఉన్నాయి. అసమీకరణానికి న = 0 వద్ద 11, న = 1 వద్ద 9, ఆపై వరుసగా 7, 5, 3, 1 - మొత్తం 36 సాధనలున్నాయి. సమీకరణం ఆమెకు ఆరు దారులు చూపగా, అసమీకరణం ముప్పదియారు దారులు చూపింది. నియమాన్ని ఉన్నదున్నట్లు రాసినప్పుడు స్వేచ్ఛ ఎంత ఉన్నదో కూడ తెలుస్తుంది.

చిత్రించే క్రమం

పై ఉదాహరణలో మనం చేసిన పనిని వరుసగా చెప్పుకుంటే ఇట్లా ఉంటుంది.

ఒకటి: అసమానత్వ చిహ్నం స్థానంలో సమానత్వ చిహ్నాన్ని ఉంచి సరిహద్దు రేఖ సమీకరణాన్ని రాయాలి.

రెండు: ఆ రేఖ అక్షాలను ఖండించే బిందువులను కనుగొని, వాటిని కలపాలి. తప్పు జరగకుండా రేఖపై మూడవ బిందువునొకదానిని సరిచూచుకోవడం మంచి అలవాటు.

మూడు: చిహ్నం ≤ లేదా ≥ అయితే సరిహద్దు కూడ సాధనలో చేరుతుంది, కనుక నిండు గీత గీయాలి. చిహ్నం < లేదా > అయితే సరిహద్దు చేరదు; కనుక చుక్కల గీత గీయాలి. బాలిక తిరుగు ప్రయాణానికి కొంత డబ్బు మిగుల్చుకొని తీరాలనుకుంటే 2న + క < 10 అవుతుంది. అప్పుడు రేఖపై ఉన్న 6 బిందువులు తొలగి, 30 మాత్రమే మిగులుతాయి.

నాలుగు: రేఖపై లేని ఒక బిందువును పరీక్షకు ఎన్నుకోవాలి. దాని నిరూపకాలను అసమీకరణంలో ప్రతిక్షేపించాలి. నిజమైతే ఆ బిందువున్న పక్కకు, నిజం కాకపోతే రెండవ పక్కకు ఛాయ వేయాలి. రేఖ మూలబిందువు గుండా పోనంతవరకు (0, 0) కంటె సులభమైన పరీక్షా బిందువు లేదు.

ఐదు: ఒకటి కంటె ఎక్కువ అసమీకరణాలున్నప్పుడు ప్రతిదానికి ఇదే పని చేసి, అన్ని ఛాయలు కలిసిన ప్రాంతాన్ని గుర్తించాలి. ఆ ఉమ్మడి ప్రాంతమే వ్యవస్థకు సాధన సమితి.

ఒక్క బిందువు చాలునా?

తలంలో లెక్కలేనన్ని బిందువులుండగా ఒక్కదానిని పరీక్షించి ఒక పక్కనంతటినీ ఎట్లా నిర్ణయించగలమని తెలివైన విద్యార్థి అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. సమాధానం ఇది.

2న + క - 10 అనే సమాసాన్ని చూడండి. మనం తలంలో ఒక బిందువు నుంచి మరొక బిందువుకు నడచిపోతున్నామనుకుంటే, ఈ సమాసం విలువ కూడ మెల్లమెల్లగా మారుతుంది, ఒక్కసారిగా దూకదు. రుణ విలువ ధన విలువగా మారవలసివస్తే మధ్యలో ఎక్కడో శూన్యాన్ని దాటాలి. కాని సమాసం శూన్యమయ్యేది సరిహద్దు రేఖ మీద మాత్రమే. కనుక రేఖను దాటనంతకాలం చిహ్నం మారదు. ఒక పక్కనున్న ఏ రెండు బిందువులనైనా రేఖను దాటకుండా కలపవచ్చు. అందుచేత ఆ పక్కనున్న బిందువులన్నిటికీ ఒకే చిహ్నం ఉంటుంది. ఒక్కదాని మాట తెలిస్తే అందరి మాట తెలిసినట్లే. ఇది కంఠస్థం చేయవలసిన సూత్రం కాదు, అర్థం చేసుకోవలసిన కారణం.

జాగ్రత్తపడవలసిన తావులు

విద్యార్థులు సాధారణంగా మూడు చోట్ల తడబడుతుంటారు.

మొదటిది, రుణసంఖ్యతో గుణించినప్పుడు లేదా భాగించినప్పుడు చిహ్నం దిశను మార్చడం మరచిపోవడం. ఐదు రూపాయలున్నవాడు మూడు రూపాయలున్నవాని కంటె కలిగినవాడు. కాని ఐదు రూపాయలు అప్పున్నవాడు మూడు రూపాయలు అప్పున్నవాని కంటె లేనివాడు. 5 > 3 అయినప్పుడు -5 < -3 కావడానికి ఇంతకు మించిన వివరణ అక్కరలేదు.

రెండవది, రేఖ మూలబిందువు గుండా పోయినప్పుడు కూడ మూలబిందువునే పరీక్షకు వాడడం. "పప్పు బియ్యంలో ఐదవ వంతుకు తగ్గరాదు" అన్న నియమాన్ని తీసుకుందాం. బియ్యం బ గ్రాములు, పప్పు ప గ్రాములు అయితే ప ≥ బ/5. ఈ రేఖ (0, 0) గుండా, (100, 20) గుండా పోతుంది. మూలబిందువు సరిహద్దు మీదనే ఉన్నది కనుక అది ఏ పక్కకూ సాక్ష్యం చెప్పలేదు. (100, 0) తీసుకుంటే 0 ≥ 20 అవుతుంది. ఇది నిజం కాదు. కనుక ఆ బిందువు లేని పక్కకు, అంటే రేఖకు పైన, ఛాయ వేయాలి.

మూడవది, ఒకే చలరాశి ఉన్న అసమీకరణాన్ని చూచి తికమకపడడం. బ ≤ 100 అంటే బ = 100 వద్ద నిలువు గీత గీసి దానికి ఎడమ పక్క ఛాయ వేయడమే. బ ≥ 0, ప ≥ 0 అనే నియమాలు మనలను మొదటి పాదానికి పరిమితం చేస్తాయి. బియ్యాన్ని, పప్పును రుణ పరిమాణంలో ఎవరూ వండలేరు కదా!

పాఠశాల వంటశాలలో

ఇప్పుడు ఆరంభంలో చెప్పిన సమస్యకు వద్దాం. బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టే పథకానికి మన దేశంలో దీర్ఘ చరిత్ర ఉన్నది. కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 1956లో, మద్రాసు రాష్ట్రం ఈ పనిని విస్తృతంగా చేపట్టింది. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం ప్రాథమిక విద్యకు పోషకాహార సహాయ కార్యక్రమాన్ని దేశవ్యాప్తంగా ఆరంభించింది. గింజలు పంచి ఊరుకోక వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2021 నుంచి ఈ పథకం ప్రధానమంత్రి పోషణ్ అనే పేరుతో నడుస్తున్నది.

ప్రాథమిక తరగతుల బిడ్డకు ఒక పూటకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని పథకపు ప్రమాణం. ఇది 450 కాలరీలకు, 12 గ్రాముల మాంసకృత్తులకు సరిపోవునా? గీసి చూద్దాం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1971 నుంచి ప్రచురించిన ఆహార విలువల పట్టికల ప్రకారం 100 గ్రాముల మరపట్టిన బియ్యంలో 345 కాలరీల శక్తి, 6.8 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. 100 గ్రాముల కందిపప్పులో 335 కాలరీలు, 22.3 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. 2017లో కొత్త పట్టికలు వెలువడినాయి; గింజల రకాన్నిబట్టి అంకెలు కొంత మారుతాయిగాని గీసే పద్ధతి మారదు.

5 గ్రాముల నూనె నుంచి సుమారు 45 కాలరీలు వస్తాయి. మిగిలిన 405 కాలరీలు బియ్యం, పప్పుల నుంచి రావాలి. కూరగాయల సంగతి తరువాత చూద్దాం. బ గ్రాముల బియ్యానికి, ప గ్రాముల పప్పుకు మన అసమీకరణాలు ఇవి:

శక్తి: 3.45బ + 3.35ప ≥ 405
మాంసకృత్తులు: 0.068బ + 0.223ప ≥ 12
బ ≥ 0, ప ≥ 0

బియ్యాన్ని అడ్డ అక్షం మీద, పప్పును నిలువు అక్షం మీద తీసుకుందాం. శక్తి రేఖ అడ్డ అక్షాన్ని సుమారు 117 వద్ద, నిలువు అక్షాన్ని సుమారు 121 వద్ద ఖండిస్తుంది. మాంసకృత్తుల రేఖ అడ్డ అక్షాన్ని సుమారు 176 వద్ద, నిలువు అక్షాన్ని సుమారు 54 వద్ద ఖండిస్తుంది. రెండింటికీ మూలబిందువును పరీక్షిస్తే 0 ≥ 405, 0 ≥ 12 అని వస్తాయి. రెండూ నిజం కావు. ఖాళీ పళ్లెం ఆకలి తీర్చదని గణితం కూడ ఒప్పుకుంటున్నది! కనుక రెండు రేఖలకూ మూలబిందువు లేని పక్కకే ఛాయ వేయాలి. రెండు సమీకరణాలను సాధిస్తే రేఖలు కలుసుకునే బిందువు సుమారు (92.5, 25.6) అని తేలుతుంది. రెండు ఛాయలూ కలిసిన ప్రాంతం ఆ బిందువు వద్ద మొన తేలి, పైకీ కుడికీ అంతులేకుండా విస్తరించి ఉంటుంది.

ఇప్పుడు ప్రమాణంలో చెప్పిన (100, 20) బిందువును గుర్తించండి. శక్తి: 345 + 67 = 412. ఇది 405 కంటె ఎక్కువ. బిందువు శక్తి రేఖకు సరియైన పక్కనే ఉన్నది. మాంసకృత్తులు: 6.8 + 4.46 = 11.26. ఇది 12 కంటె తక్కువ. బిందువు రెండవ రేఖకు తప్పు పక్కన, కొద్ది దూరంలో, నిలిచిపోయింది.

ఆ 0.74 గ్రాముల లోటును పూరించవలసింది 50 గ్రాముల కూరగాయలు. అదే పట్టికల ప్రకారం 50 గ్రాముల వంకాయలో సుమారు 0.7 గ్రాముల మాంసకృత్తులున్నాయి. దానిని చేర్చితే మొత్తం 11.96, దాదాపు రేఖను తాకినట్లే. వంకాయకు బదులు 50 గ్రాముల తోటకూర వేస్తే 2 గ్రాములు చేరి మొత్తం 13.26 అవుతుంది, బిందువు రేఖను దాటి నిలుస్తుంది. కోడిగుడ్డు పెట్టిన రోజున సుమారు 6 గ్రాములు అదనంగా లభిస్తాయి. అప్పుడు మాంసకృత్తుల రేఖ తన వాలు మారకుండా, తనకు తాను సమాంతరంగా, మూలబిందువు వైపు సగం దూరం జరుగుతుంది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటున్నది. కూర రుచి కోసం మాత్రమే ఉన్నదని తలచి, ఏదో ఒక రోజున దానిని మానివేసినా, పప్పులో నీళ్లు పెంచి గింజలు తగ్గించినా, పళ్లెం నిండుగానే కనిపిస్తుంది. బిడ్డ కడుపు కూడ నిండినట్లే ఉంటుంది. శక్తి రేఖకు బిందువు ఇంకా లోపలనే ఉండవచ్చు. కాని మాంసకృత్తుల రేఖకు అది వెలుపలికి జారిపోతుంది. కంటికి కనిపించని ఈ లోటును కాగితం మీద గీసిన గీత చూపిస్తుంది. ఎదిగే వయసులో ఉన్న బిడ్డ విషయంలో ఆ గీతకు ఏ పక్కన ఉన్నామన్నది చిన్న ప్రశ్న కాదు.

చవకగా వండబోతే

రెండు నియమాలకూ లోబడిన బిందువులు లెక్కలేనన్ని ఉన్నప్పుడు వాటిలో దేనిని ఎన్నుకోవాలి? అన్నిటికంటె తక్కువ ఖర్చయ్యేదానిని ఎన్నుకోవాలని ఎవరైనా అనవచ్చు. లెక్క కోసం కిలో బియ్యం 40 రూపాయలు, కిలో కందిపప్పు 150 రూపాయలు అనుకుందాం. గ్రాముకు 4 పైసలు, 15 పైసలు. ఖర్చు 4బ + 15ప పైసలు.

ఖర్చును ఒక స్థిర విలువగా తీసుకుంటే 4బ + 15ప = స్థిరసంఖ్య అనే సరళరేఖ వస్తుంది. ఖర్చు తగ్గుతున్నకొద్దీ ఈ రేఖ సమాంతరంగా మూలబిందువు వైపు జరుగుతుంది. ఛాయ వేసిన ప్రాంతాన్ని అది విడిచిపోయే ముందు చిట్టచివర తాకేది ఒక మూలను, అంటే ఒక శీర్షాన్ని, మాత్రమే. (రేఖ ఒక అంచుకు సమాంతరమైతే ఆ అంచునంతటినీ తాకవచ్చు; అప్పుడు కూడ ఆ అంచు కొననున్న శీర్షం అందులో ఉంటుంది.) కనుక లెక్కలేనన్ని బిందువులను పరీక్షించనవసరం లేదు, శీర్షాలను పరీక్షిస్తే చాలును.

మన ప్రాంతానికి మూడు శీర్షాలున్నాయి. (0, 121) వద్ద, అంటే పప్పు ఒక్కటే పెడితే, ఖర్చు సుమారు 18 రూపాయలు. (92.5, 25.6) వద్ద సుమారు 7 రూపాయల 54 పైసలు. (176.5, 0) వద్ద, అంటే బియ్యం ఒక్కటే పెడితే, 7 రూపాయల 6 పైసలు. అన్నిటికంటె చవక పప్పులేని వట్టి అన్నం!

గణితం తప్పు చెప్పలేదు. మనం దానికి చెప్పవలసినవన్నీ చెప్పలేదు. 176 గ్రాముల బియ్యం వండితే అర కిలోకు అటూ ఇటూగా అన్నమవుతుంది. ఆరేళ్ల బిడ్డ దానిని ఒక పూట తినజాలదు. ధాన్యంలోని మాంసకృత్తులలో కొరవడిన లైసీన్ అనే అంశం పప్పులో సమృద్ధిగా ఉన్నదని, రెండూ కలిసినప్పుడే ఒకదాని లోటును మరొకటి తీర్చుతుందని కూడ మన అసమీకరణాలకు తెలియదు. కనుక బ ≤ 100 అనే నియమాన్ని చేర్చుదాం. నిలువు గీత ఒకటి ప్రాంతాన్ని కుడివైపున కోసివేస్తుంది. (176.5, 0) అనే మూల తొలగిపోతుంది. దాని స్థానంలో (100, 23.3) అనే కొత్త మూల ఏర్పడుతుంది. అక్కడ ఖర్చు 7 రూపాయల 50 పైసలు. మిగిలిన రెండు మూలల కంటె తక్కువ. పప్పు పళ్లెంలోకి తిరిగివచ్చింది. వట్టి అన్నానికీ, పప్పన్నానికీ నడుమ ఉన్న తేడా 44 పైసలని కూడ తెలిసింది.

ఇటువంటి అనుభవమే అమెరికా ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్‌కు ఎదురైంది. 77 రకాల ఆహార పదార్థాల నుంచి 9 పోషక నియమాలను తీర్చే అత్యంత చవకైన ఆహారాన్ని ఆయన 1945లో అంచనా కట్టాడు. 1939 ధరల ప్రకారం ఏడాదికి 39 డాలర్ల 93 సెంట్లు తేలింది. గోధుమపిండి, చిక్కని డబ్బాపాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు - అదే ఆహారం, ఏడాది పొడుగునా! అది ఎవరూ తినదగిన భోజనమని స్టిగ్లర్ కూడ చెప్పలేదు. రాయని నియమాన్ని గణితం పాటించదు. నియమాలను రాసేవారి బాధ్యత అక్కడనే ఉన్నది.

రెండు చలరాశుల నుంచి వేల చలరాశులకు

కాగితం మీద రెండు చలరాశులను మాత్రమే సులభంగా చూపగలము. స్టిగ్లర్ సమస్యలో 77 ఉన్నాయి. అయినను భావం ఒక్కటే: ప్రతి నియమం ఒక సరిహద్దు, సరిహద్దులన్నీ కలిసి ఒక ప్రాంతం, ఉత్తమ సాధన ఒక మూల.

అసమీకరణాల వ్యవస్థలను ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫోరియర్ 1820లలోనే పరిశీలించాడు. 1939లో లెనిన్‌గ్రాడ్‌లో కాంటరోవిచ్ అనే యువ గణితాచార్యుడు ప్లైవుడ్ కర్మాగారపు యంత్రాలకు పని పంచే సమస్యను ఈ రూపంలో పెట్టి సాధించాడు. 1947లో అమెరికాలో జార్జ్ డాంట్‌జిగ్ ఒక శీర్షం నుంచి దాని పక్క శీర్షానికి, ఖర్చు తగ్గే దిశగా, క్రమంగా నడచిపోయే సింప్లెక్స్ పద్ధతిని రూపొందించాడు. ఆ ఏడే ఈ కొత్త పద్ధతితో స్టిగ్లర్ సమస్యను చేతి యంత్రాలపై లెక్కించగా, ఒక మనిషికి సుమారు 120 దినాల పని పట్టింది. జవాబు 39 డాలర్ల 69 సెంట్లు వచ్చింది. స్టిగ్లర్ అంచనాకు, దీనికి తేడా 24 సెంట్లే. ఈ శాస్త్రానికి లీనియర్ ప్రోగ్రామింగ్, లేక రేఖీయ ప్రణాళిక, అని పేరు వచ్చింది. వనరులను ఉత్తమంగా కేటాయించే సిద్ధాంతానికి చేసిన సేవకుగాను కాంటరోవిచ్, కూప్‌మన్స్ 1975లో ఆర్థికశాస్త్రపు నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

1984లో ఒక భారతీయుని పేరు ఈ చరిత్రలో చేరింది. బొంబాయి ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేస్తున్న నరేంద్ర కర్మార్కర్, అంచుల వెంట మూల నుంచి మూలకు నడవక, ప్రాంతం లోపలి నుంచే ఉత్తమ మూలవైపు సాగిపోయే కొత్త పద్ధతిని ప్రకటించాడు. పెద్ద సమస్యల సాధనలో అది ఒక కొత్త యుగాన్ని తెరచింది.

ఒకే నియమం, వేరు వేరు పళ్లాలు

మన దేశంలో అన్ని ప్రాంతాల ప్రజల ఆహారం ఒకటి కాదు. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, పశ్చిమ బెంగాల్, అస్సాంలలో బియ్యం ప్రధానం. పంజాబు, హర్యానాలలో గోధుమ ప్రధానం. రాజస్థాన్ మెట్ట ప్రాంతాలలో సజ్జలు ఎక్కువగా తింటారు. నియమం మాత్రం అందరు బిడ్డలకూ ఒక్కటే: 450 కాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు.

బియ్యానికి బదులు గోధుమపిండిని తీసుకుంటే, పట్టికల ప్రకారం 100 గ్రాములకు 341 కాలరీలు, 12.1 గ్రాముల మాంసకృత్తులు. 100 గ్రాముల పిండికి 20 గ్రాముల కందిపప్పు చేరితే శక్తి 408, మాంసకృత్తులు 16.56. రెండు రేఖలనూ ఆ బిందువు దాటింది. ధాన్యం మారినప్పుడు మాంసకృత్తుల రేఖ వాలు మారుతుంది. అనుమతించదగిన ప్రాంతం ఆకారం మారుతుంది. బియ్యం తినే ప్రాంతాలలో పప్పుకు, ఆకుకూరకు, గుడ్డుకు ఎక్కువ ప్రాధాన్యం ఎందుకివ్వాలో కూడ ఇందువలన తెలుస్తుంది. అందరికీ ఒకే పళ్లెం పెట్టడం ఇక్కడ సమానత్వం కాదు. ఎవరి పళ్లెం వారిదైనా, ఏ బిడ్డా గీతకు అవతల ఉండిపోకుండా చూడడమే సమానత్వం.

ఈ ప్రాంతాలకు మరొక మంచి గుణం ఉన్నది. వాటిలోని ఏ రెండు బిందువులను కలిపినా ఆ రేఖాఖండమంతా ప్రాంతంలోనే ఉంటుంది. ఇటువంటి సమితిని కుంభాకార సమితి అంటారు. నియమాలకు సరిపోయే రెండు భోజనాలను సగం సగం కలిపి వడ్డించినా, ఆ కలయిక కూడ నియమాలకు సరిపోతుందని దీని అర్థం. సగం బియ్యం, సగం గోధుమ పెట్టే వంటశాలకు ఇది భరోసా.

అభ్యాసం

1. 3అ + 2ఆ < 12 అనే అసమీకరణాన్ని చిత్రించండి. సరిహద్దు నిండు గీతా, చుక్కల గీతా? (2, 3) బిందువు సాధనలో చేరునా?

2. 100 గ్రాముల జొన్నలలో 349 కాలరీలు, 10.4 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. పై విధంగానే రెండు రేఖలు గీసి, 100 గ్రాముల జొన్నలు, 20 గ్రాముల కందిపప్పు ఏ పక్కన ఉంటాయో తేల్చండి.

3. 100 గ్రాముల రాగులలో 328 కాలరీలు, 7.3 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. 100 గ్రాముల రాగులకు 20 గ్రాముల కందిపప్పు చేర్చితే రెండు నియమాలలో ఏది తప్పుతుంది? ఎన్ని గ్రాముల పప్పు చేర్చితే రెండూ నెరవేరుతాయి?

(జవాబులు: 1. చుక్కల గీత, (2, 3) సరిహద్దు మీద ఉన్నది కనుక చేరదు. 2. శక్తి 416, మాంసకృత్తులు 14.86, రెండింటికీ సరియైన పక్కనే. 3. రెండూ కొద్దిగా తప్పుతాయి - 395, 11.76, సుమారు 23 గ్రాముల పప్పు కావాలి.)

ఈ లెక్కలను పుస్తకంతోనే ముగించక, మీ పాఠశాలలో ఒక రోజు వండిన ధాన్యాన్ని, పప్పును తూచి, భోజనం చేసిన పిల్లల సంఖ్యతో భాగించి, వచ్చిన బిందువును మీరు గీసిన పటంలో గుర్తించండి. అది గీతకు ఏ పక్కన ఉన్నదో చూడండి. ఆ తరువాత ఏమి చేయాలో పటమే చెబుతుంది.